రంగా గారి ప్రశ్న, కొల్లేటి ఒడ్డున

(డెల్టా మనుషులు – 14వ భాగం)

ఆలపాడు వైపు నుంచి కొల్లేటికోటకు వెళ్లాలంటే సర్కారు కాలువ దాటాలి. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతర జరిగే రోజుల్లో ఆ రేవు దగ్గర ఇసుక వేస్తే రాలదు. మిగతా రోజుల్లో నలుగురో అయిదుగురో కనిపిస్తారు. నేను వెళ్లిన రోజున రేవు పక్కన ఒక తాటిదోనె బోర్లించి ఉంది. బాగా ముదిరిన తాటిచెట్టు మొదలు నరికి, లోపలి మెత్తని దూటంతా తోడేస్తే ఈ దోనె తయారవుతుంది. వేరు వైపున వెడల్పుగా ఉంటుంది, చివరికి వచ్చేసరికి సన్నబడుతుంది. ఒక మనిషి, ఒక వల, చేపల బుట్ట మాత్రమే పడతాయి. రెండో మనిషి ఎక్కితే అంచు నీళ్లకు తగులుతుంది. కొల్లేరు సరస్సు లంకల్లో చేపలు పట్టే వడ్డీల ఇళ్లలో తరతరాలుగా ఉన్న ఆస్తి ఇదే.

దోనెకు కీలు రాస్తున్న పెద్దాయన పక్కన కూర్చుని, ఆయన సొసైటీ చెరువు సంగతి అడిగాను. "కాయితం మీద మా పేర్లేనండి బాబూ. చెరువు లీజుకెళ్లిపోయి చాన్నాళ్లయింది. మేం అందులో కూలికెళ్తాం" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. వర్షం పడుతుందా లేదా అని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

ఈ భాగం ఎవరి గురించి రాయాలా అని అప్పటికి రెండు వారాలుగా ఆలోచిస్తున్నాను. ఆ మాట విన్నాక ఇంక ఆలోచించే పని లేకపోయింది. సాగుచేసేవాడి పేరు కాగితం మీద, పెత్తనం ఇంకొకడి చేతిలో ఉండటం అన్న ఈ ఒక్క విషయం గురించే అరవై ఏళ్లు ఊరూరా, చట్టసభల్లో మాట్లాడుతూ వచ్చిన తెలుగువాడు ఒకరున్నారు. ఆచార్య గోగినేని రంగనాయకులు. దేశానికి ఎన్.జి. రంగా. మన పెద్దవాళ్లకు రంగా గారు.

ఆయనది కొల్లేరు కాదు. 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టారు. అదీ డెల్టా ఊరే, కృష్ణ కాలువల కిందిది. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. గుంటూరులో చదివి, ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, 1926లో అర్థశాస్త్రంలో బి.లిట్. పట్టా తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో రైతుబిడ్డ సముద్రం దాటి అంత దూరం చదవడం చిన్న సంగతి కాదు. తిరిగొచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో అర్థశాస్త్రం పాఠాలు చెప్పారు. ఆచార్య అన్న పేరు అలా వచ్చి చివరిదాకా ఉండిపోయింది.

ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఎన్నికలు కాదు, పదవులు కాదు, 1926లోనే వచ్చిన ఒక పుస్తకం. డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద ఆయన ఇంగ్లీషులో రాసిన తొలి సంపుటం అది. విదేశంలో చదువుకున్న యువకుడు లండన్ గ్రంథాలయాల గురించి కాకుండా మన కాలువ కింది ఊళ్ల గురించి రాశాడు. ఎకరానికి ఏం పండుతోంది, రైతుకు ఏం మిగులుతోంది, కూలీకి ఏం దక్కుతోంది, ఎవరెవరు ఎంత అప్పులో ఉన్నారు అన్న లెక్కలు పట్టాడు. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు కట్టి అప్పటికి డెబ్బై ఏళ్లు దాటింది. డెల్టా అన్నపూర్ణ అయిందని దొరలు గొప్పగా చెప్పుకునేవారు. అన్నం పండించిన ఇంట్లో ఏం మిగిలిందో లెక్క కట్టింది ఈ కుర్రాడు. తర్వాతి అరవై ఏళ్ల రాజకీయం అంతా ఆ లెక్కలోంచే వచ్చిందని నా నమ్మకం.

ఆ లెక్క తొందరలోనే అవసరపడింది. 1920ల చివర మద్రాసు ప్రభుత్వం కృష్ణా, గోదావరి జిల్లాల్లో భూమిశిస్తును మళ్లీ నిర్ణయించి, రూపాయికి మూడణాల చొప్పున పెంచాలని చూసింది. నూటికి పద్దెనిమిదిన్నర పైచిలుకు. ధాన్యం ధర పడిపోతున్న కాలమది. ఈ పెంపు మీద మన పశ్చిమగోదావరిలో దండు నారాయణరాజు గారి వంటివాళ్లు రైతులను కూడగట్టారు. గుడివాడ నుంచి భీమవరం దాకా సభలు జరిగాయి. జమీందారీ గ్రామాల్లో బాధ వేరు. అక్కడ శిస్తు పెంచేది సర్కారు కాదు, జమీందారు. 1931లో వెంకటగిరి సంస్థానం రైతుల పోరాటంలో రంగా గారు ముందు నిలిచారు. ఆ దశకంలోనే మునగాలలో, మొగల్తూరు పక్కన కాళీపట్నంలో జమీందార్ల మీద రైతులు తిరగబడ్డారు.

పాఠాలు చెప్పే ఆచార్యుడు 1930లో గాంధీజీ పిలుపు అందుకుని ఉద్యమంలోకి దిగారు. అందరిలా సభల్లో ఉపన్యాసాలతో ఆగలేదు. 1933లో నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం తెరిచారు. ఇది ఒక బడి అంటే బడే. కాకపోతే ఇక్కడికి వచ్చేది పిల్లలు కాదు, పల్లెల నుంచి వచ్చిన యువ రైతులు, కూలీల కొడుకులు. వాళ్లకు భూమిశిస్తు చట్టాలు, జమీందారీ పద్ధతులు, అర్జీ రాయడం, సభ నడపడం నేర్పేవారు. ఊరికి తిరిగి వెళ్లి పదిమందిని కూర్చోబెట్టగల మనిషిని తయారుచేయడమే దాని పని. బడిలో చదివినవారు తర్వాత ఏ పార్టీలోకి వెళ్లినా, ఈ నేర్చుకున్నది వాళ్లతోనే వెళ్లింది. కమ్యూనిస్టులైనవాళ్లూ ఉన్నారు, కాంగ్రెసులో ఉన్నవాళ్లూ ఉన్నారు. సోంపేట ప్రాంతపు గౌతు లచ్చన్న అక్కడి నుంచి వచ్చిన శిష్యుల్లో అందరికీ తెలిసిన పేరు.

1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టింది. స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా గారు ప్రధాన కార్యదర్శి. అదే ఏడాది డిసెంబరులో ఫైజ్‌పూర్‌లో జరిగిన రెండో మహాసభకు అధ్యక్షత వహించింది రంగా గారే. బిహారు సన్యాసి, ఆంధ్ర ఆచార్యుడు కలిసి దేశపు రైతుకు ఒక వేదిక ఇచ్చారు. ఆ తర్వాత ఇద్దరి దారులూ వేరయ్యాయి. ఆ కథ ఇక్కడ చెప్పను, అది ఒక భాగానికి సరిపోయేది.

ఇప్పుడు మన ఊళ్లకు దగ్గరగా వచ్చే ఘట్టం. 1937 జులైలో ఇచ్ఛాపురం నుంచి రైతు రక్షణ యాత్ర బయలుదేరింది. 130 రోజులు, 1500 మైళ్లకు పైగా నడక, తొమ్మిది జిల్లాలు. దారి పొడవునా వందల సభలు, వెయ్యికి పైగా అర్జీలు. 1938 మార్చి 27న మద్రాసులో శాసనసభకు ఆ అర్జీలు అందించారు. ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు నడిచేవాడు గోదావరి, కృష్ణ దాటకుండా పోలేడు. తాడేపల్లిగూడెం, ఏలూరు వైపు ఊళ్లలో వానకు తడిసి, కాళ్లు పుళ్లు పడి, అన్నం పెట్టిన ఇంట్లో తిని, సాయంత్రం చెట్టు కింద సభ పెట్టుకుంటూ సాగిన ఆ వరసను తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇప్పటి నాయకుల పాదయాత్రలను చూసి అబ్బురపడేవాళ్లు ఆనాడు నడిచినవాళ్ల పేర్లను కూడా వినాలి. ఒక్కరి యాత్ర కాదు అది. నిడుబ్రోలు బడి పిల్లలు, రైతు సంఘాల కార్యకర్తలు కలిసి నడిచారు.

ఆ నడక వృథా కాలేదు. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం ఏర్పడింది. భూమికి యజమాని రైతే, జమీందారు కేవలం శిస్తు వసూలు చేసేవాడని ఆ సంఘం తేల్చింది. 1939లో మంత్రివర్గం రాజీనామా చేయడంతో చట్టం ఆగిపోయింది. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి నూజివీడు, చల్లపల్లి, వెంకటగిరి ఎస్టేట్లను తీసేసింది. 1802 నుంచి రైతు తలమీద ఉన్న జమీందారీ బరువు అది.

ఈ మధ్యలో రంగా గారు సత్యాగ్రహంలో, 1942 ఉద్యమంలో జైళ్లకు వెళ్లారు. 1944లో గాంధీజీతో కూర్చుని భూమి ఎవరిది, రైతు–కూలీ రాజ్యం ఎలా ఉండాలి అని చర్చించారు. ఆ సంభాషణలను 'బాపూ బ్లెసెస్' పేరుతో పుస్తకంగా తెచ్చారు. 'రైతు–కూలీ రాజ్యం' అన్న మాటలో కూలీని కలపడం ఆయన గొప్పతనమే. కాని ఆయన రాజకీయంలో కూలీ కంటే రైతు ఎప్పుడూ ముందు నడిచాడు. ఈ తేడా చెప్పకుండా ఆయనను పొగిడితే ఆయనకు న్యాయం చేసినట్టు కాదు. పాలేరు సొంత ఎకరం కోసం ఆయన ఎంత గట్టిగా పోరాడారు అన్న ప్రశ్న మన డెల్టాలో వేసి తీరాలి.

స్వాతంత్ర్యం వచ్చాక ఆంధ్ర కాంగ్రెసులో వర్గాలు ముదిరాయి. రంగా గారు 1951లో బయటికి వచ్చి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కాంగ్రెస్‌తో కలిసి పోటీచేసి ఆ పార్టీ 22 స్థానాలు గెలిచింది. ఆ ఎన్నికల్లో కమ్యూనిస్టులే గెలుస్తారనుకున్నారు. ఈ కూటమి వల్ల ఆ అంచనా తారుమారైంది. తర్వాత పార్టీని కాంగ్రెసులో కలిపేశారు. 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు వెళ్లారు.

అప్పటికి ఆయన కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి. నెహ్రూకు దగ్గరి మనిషి. ఆ చోటు నుంచి 1959లో లేచి వచ్చారు. ఆ ఏడాది జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యాన్ని విధానంగా ప్రకటించింది. రైతులు తమ భూములను కలిపి సాగు చేసుకోవాలి, ఫలసాయం పంచుకోవాలి అన్నది దాని సారం. రంగా గారు దీన్ని భరించలేకపోయారు. చిన్న రైతు తన అరెకరం చూసుకుని బతుకుతున్నాడు, దాన్ని కలిపేస్తే అతను తన భూమిలోనే కూలీ అవుతాడు, కలిసిన భూమిని నడిపేది అధికారి లేదా ఊళ్లో బలవంతుడు అని వాదించారు. కార్యదర్శి పదవి వదిలి, కాంగ్రెస్‌నే వదిలేశారు. జూన్‌లో మద్రాసులో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. మొదటి అధ్యక్షుడు రంగా గారే. 1962లో ఆ పార్టీ 18 లోక్‌సభ సీట్లు, 1967లో 44 సీట్లు గెలిచి పెద్ద ప్రతిపక్షమైంది. 1964లో రాజ్యాంగ 17వ సవరణ వచ్చినప్పుడూ, భూమి తీసుకునే అధికారం ప్రభుత్వానికి పెరిగిపోతోందని సభలో గట్టిగా ఎదిరించారు.

ఇక్కడే నాకు మింగుడుపడనిది ఉంది. వెంకటగిరి జమీందారు మీద లేచిన మనిషి, స్వతంత్ర పార్టీలో జయపూర్ మహారాణి గాయత్రీదేవితో, రామ్‌గఢ్ రాజాతో ఒకే వేదిక మీద కూర్చున్నారు. 1930లలో ఎవరిని ఎదిరించారో అలాంటివాళ్లే ఆయన పార్టీకి నిధులు, ఓట్లు తెచ్చారు. రంగా గారి అభిమానులు దీనికి సమాధానం చెబుతారు: రాజులు భూమి పోగొట్టుకున్నాక వాళ్లతో శత్రుత్వం ఎందుకు, ఇప్పుడు ప్రమాదం సర్కారు నుంచి అని. ఆ సమాధానం నాకు పూర్తిగా సరిపోలేదు. అయినా ఆయన స్వార్థం కోసం ఆ దారి పట్టారని మాత్రం అనలేను. పదవి కావాలంటే నెహ్రూ పక్కనే ఉండేవారు. ఆయన మనసులో ఉన్నది చిన్న రైతు. ఆ రైతును రక్షించడానికి ఎంచుకున్న స్నేహితులు పెద్దవాళ్లయ్యారు.

తర్వాత ఎన్నికలు ఆయనను బాగానే తిప్పాయి. 1962లో తెనాలిలో ఓడిపోయారు. చిత్తూరులో గెలిచిన అనంతశయనం అయ్యంగార్ గవర్నరుగా వెళ్లడంతో వచ్చిన ఉప ఎన్నికలో అక్కడి నుంచి గెలిచారు. 1967లో శిష్యుడు లచ్చన్న శ్రీకాకుళం లోక్‌సభ స్థానం గెలిచి, దాన్ని వదిలేసి గురువుకు ఇచ్చారు. ఈ రోజుల్లో ఇలాంటిది ఊహించగలమా? 1971లో అదే శ్రీకాకుళంలో బొడ్డేపల్లి రాజగోపాలరావు చేతిలో ఓడారు. 1970లలో తిరిగి కాంగ్రెసుకు వచ్చి రాజ్యసభలో కూర్చున్నారు. 1980, 1984, 1989లో వరుసగా గుంటూరు నుంచి గెలిచారు. 1991లో సభ నుంచి తప్పుకునేటప్పటికి తొంభై దాటింది. బ్రిటిషు కాలపు కేంద్ర శాసనసభ నుంచి మొదలుపెట్టి, మధ్యలో ఒకటి రెండు విరామాలు తీసేస్తే సగం శతాబ్దం చట్టసభల్లోనే గడిచింది. ఆ సేవకు గిన్నిస్ పుస్తకం గుర్తింపు ఇచ్చింది. 1991లో పద్మవిభూషణ్ వచ్చింది. 1995 జూన్ 9న కన్నుమూశారు.

ఇక ఆయన 1959 వాదన కొల్లేరు గట్టుకు ఎలా వచ్చిందో చెప్పాలి. 1970ల మధ్యలో జలగం వెంగళరావు ప్రభుత్వం కొల్లేరు మడుగు భూముల్లో చేపల చెరువులు తవ్వించి, మత్స్యకారులకూ దళితులకూ సహకార సంఘాలుగా ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. తాటిదోనె మీద బతికే వడ్డీలకు, అసలు భూమే లేని కుటుంబాలకు ఒక ఆదరువు కల్పించాలనుకున్నారు. మొదటి కొన్నేళ్లు సంఘాలు సొంతంగానే చేపలు పెంచాయి. తర్వాత మేతకు పెట్టుబడి, చేపపిల్లకు పెట్టుబడి, చెరువు గట్టు తెగితే మళ్లీ పెట్టుబడి. డబ్బున్నవాళ్లు వచ్చి లీజు అడిగారు. సంఘం పేరు అలాగే ఉంది. చెరువు మాత్రం చేతులు మారింది. కొల్లేరు నిండా గట్లు లేచాయి. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో బుల్డోజర్లు వచ్చి గట్లు కొట్టేశాయి. ఆ గట్లు పోయినప్పుడు లీజుదారు డబ్బు కొంత పోయింది, కూలికి వెళ్లినవాడి పని మొత్తం పోయింది.

కొల్లేరు ఇలా కావడానికి ఉమ్మడి పద్ధతి ఒక్కటే కారణమని నేను అనను. పెట్టుబడి లేనివాడికి ఉమ్మడి కాగితమైనా, సొంత పట్టా అయినా చివరికి ఒకే గతి పడుతోంది. రంగా గారు ఈ పెట్టుబడి సంగతిని తక్కువగా చూశారని నాకనిపిస్తుంది. అరెకరం ఉన్న రైతు గురించి ఆయన అన్నది నిజం. అరెకరం కూడా లేనివాడికి పెట్టుబడి ఎవరిస్తారు, వాడి సరుకు ఎవరు కొంటారు అన్నది ఆయన వాదనలో సన్నగా ఉండిపోయింది. అయినా 'నడిపేది బలవంతుడే అవుతాడు' అని ఆయన 1959లో అన్న మాట కొల్లేటికోట రేవులో ఆ పెద్దాయన నోట అచ్చంగా విన్నాను. ఆయన రంగా గారి పేరు కూడా ఎరగడు.

ఒక సంగతి మన ప్రాంతంవాళ్లు గమనించాలి. 1964లో హైదరాబాదులో మొదలైన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1990లలో రంగా గారి పేరు పెట్టారు. అందులోంచే ఉద్యాన విభాగం విడివడి 2007లో తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమైంది. రాష్ట్రం విడిపోయాక రంగా గారి విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర లాంకు వచ్చింది. అంటే నిడుబ్రోలు బడి పుట్టిన జిల్లాకే ఆయన పేరు తిరిగి చేరింది. పేర్లు ఇలా తిరిగి రావడం సంతోషమే. నిడుబ్రోలు బడిలో నేర్పినట్టు, కూలివాడి కొడుకుకు అర్జీ రాయడం, లెక్క చూడటం నేర్పే చోటు మాత్రం ఇప్పుడు డెల్టాలో నాకు కనబడటం లేదు. ఆ లోటు కొల్లేటి సంఘాల సభ్యులకు బాగా తెలుసు. లీజు కాగితం మీద ఏం రాశారో చదివి చెప్పేవాళ్లు లేకే సగం చెరువులు పోయాయని వాళ్లు చెబుతారు.

పాఠకులకు ఒక మనవి. 1937–38 యాత్రలో నడిచినవాళ్ల మనవలు, మునిమనవలు మన జిల్లాల్లో ఉండే ఉంటారు. మీ ఇంట్లో ఆనాటి అర్జీ నకలు గాని, నిడుబ్రోలు బడి ఫొటో గాని, తాతగారు చెప్పిన ఊరి పేరు గాని ఉంటే ఈ వారమే ఒక కాగితం మీద రాసి పెట్టండి. మాకూ రాయండి. ఆ రోజు నడిచినవారిలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

వచ్చే భాగంలో: గురువు కోసం సీటు వదిలిన గౌతు లచ్చన్న.